తోక పదవికి రాజీనామా

మేడమీద,
సోమవారం పొద్దున్న

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది మేడమీద వాటా నుంచి నమస్కరించి రాసుకున్నది. మేమిక్కడ క్షేమం. కింద మీరూ అక్కా క్షేమమని, పొద్దున్నే వాకిట్లో మీ సైకిలు తుడుచుకోవడం చూసి తెలుసుకున్నాను.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరాలేంటని అక్క నవ్వుతుంది. నవ్వనివ్వండి. నిన్న సాయంత్రం మాట్లాడదామనే మెట్లు దిగి వచ్చాను. మీ గుమ్మంలో నిలబడి మర్యాదగా "బావా" అన్నాను. మీరు కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో వాచీ పొట్ట విప్పుకుని కూర్చున్నారు. తల ఎత్తలేదు. మళ్ళీ అన్నాను. అప్పుడూ ఎత్తలేదు. సరే, మాటకి విలువ లేనప్పుడు కాగితమే గతి అనుకుని పైకి వచ్చేశాను. ఈ ఉత్తరం అక్క చేత పంపిస్తున్నాను.

విషయం మీకు తెలుసు. నిన్న పొద్దున్న కూడలి దగ్గర మన సైకిళ్ళ గుంపంతా చేరాక, పళ్ళ డాక్టరూ, బేకరీ ఆయనా, డ్రిల్లు టీచరమ్మా వింటూండగా, మీరు నావైపు వేలు చూపించి "ఇవాళ్టినుంచి వీడు మనకి తోక" అన్నారు. టీచరమ్మ నీళ్ళు తాగుతోంది, పొలమారింది. బేకరీ ఆయన సైకిలుకి స్టాండు వేసి మరీ నవ్వాడు.

ఈ సైకిలు పిచ్చిలోకి నన్ను దించింది మీరే. ఊరు లేవకముందు ఆ చల్లగాలిలో అందరం కలిసి రిజర్వాయరు గట్టుదాకా తొక్కుకుంటూ పోతుంటే, చక్రాలన్నీ ఒకే చప్పుడు చేస్తుంటే, నాకు వారం మొత్తానికి సరిపడా సుఖం అందులోనే దొరికేది. మొన్నటిదాకా మీ పక్కనే తొక్కాను. కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఉన్నట్టుండి నన్ను తీసుకెళ్ళి చిట్టచివర పారేశారు.

బావగారూ, నేను కూరగాయల మార్కెట్టులో వేలంపాట పాడే మనిషిని. నేను "ఒకటోసారి" అంటే బస్తాల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. అలాంటివాణ్ణి తోకని చేశారు. నా పొట్ట చూసి చేశారా, నా వేగం చూసి చేశారా, అదైనా చెప్పండి.

సంజాయిషీ కోసం ఎదురుచూస్తూ,
ఇట్లు,
ప్రస్తుతానికి మీ బావమరిది

తా.క.: నా అలారం గడియారం రిపేరుకిచ్చి చాలారోజులైంది. ముల్లు ఆగిపోతోందని ఇచ్చాను. దాన్ని కూడా తోకలో పెట్టారా?


కింద వాటా,
మంగళవారం

చిరంజీవి బావమరిదికి,

బావ దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. నీ అడుగులకి మా పైకప్పు సున్నం రాలుతోంది కనక నువ్వూ కులాసాగానే ఉన్నావని తెలుస్తోంది.

నువ్వు వచ్చి పిలిచావా? వాచీ విప్పుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు తెలీదని నీకు తెలుసుగా. దానికింత అలకెందుకు.

తోక అంటే తిట్టని నీకెవరు చెప్పారు? తోక లేని గాలిపటం ఎక్కడ పడుతుందో చిన్నప్పుడు చూడలేదా? చేప ఈదేది దేంతో అనుకున్నావు? గుంపుగా తొక్కేటప్పుడు అందరికన్నా వెనక వచ్చేవాడిదే పెద్ద పని. ఎవరి చక్రంలో గాలి దిగినా, ఎవరు ఆయాసంతో వెనకబడినా వాడి కంటపడాలి. వెనకనుంచి బండి వస్తుంటే వాడే ముందు చూసి కేకెయ్యాలి. ఆ కేక వినే మిగతావాళ్ళం పక్కకి ఒదగాలి. ఇదంతా ఆదివారమే విడమరిచి చెప్పేవాణ్ణి. నువ్వు మొహం మాడ్చుకుని దూరంగా వెళ్ళి, నిండుగా ఉన్న చక్రానికి గాలి కొట్టుకుంటూ కూర్చున్నావు.

నీ పొట్టా కారణం కాదు, నీ వేగమూ కారణం కాదు. నీ నోరు. ఆ నోటికి అంతకన్నా తగిన చోటు మన గుంపులో ఇంకోటి లేదు. కాబట్టి వచ్చే ఆదివారం మొహమాటపడకుండా మార్కెట్టులో అరిచినట్టే అరవాలి.

ఇట్లు,
నీ మేలుకోరే బావ

తా.క.: నీ అలారం గడియారం వింతగా ఉంది. మూడుసార్లు విప్పి బిగించాను. ముల్లు నడుస్తోంది, పళ్ళచక్రాలు బాగున్నాయి, సుత్తి గంట మీద టకటకా కొట్టుకోవడం కళ్ళారా చూశాను. మోగడం మాత్రం లేదు. ఇన్నేళ్ళలో ఇలాంటి రోగం చూడలేదు.


మేడమీద,
బుధవారం

బావగారికి,

నమస్కారాలు. గౌరవనీయులు అనే మాట ఈసారి కావాలనే తీసేశాను.

"ఆ నోటికి తగిన చోటు" అని మీరు రాసిన వాక్యం మా ఆవిడకి చదివి వినిపించాను, కాస్త నాతో కలిసి కోప్పడుతుందని. "అన్నయ్యగారు ఉన్నమాటే రాశారు" అంది. ఇంట్లో కూడా నాకు మద్దతు లేదని తేలిపోయింది.

రాయకూడదనుకున్న మాటలు ఇప్పుడు రాస్తున్నాను. ఆదివారం గట్టు మీద టీ బడ్డీ దగ్గర నేను మార్కెట్టు జోకొకటి చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. మీరు నవ్వలేదు. అందరి మొహాలూ ఓసారి చూసి, వాళ్ళ నవ్వు అయిపోవస్తుంటే అప్పుడు నవ్వారు. ఎవరో బలవంతం చేసినట్టు. ఒకప్పుడు నా జోకుకి మీరు టీ మీద పోసుకున్న రోజులున్నాయి.

అదీ ఓర్చుకున్నాను. కాసేపయ్యాక పక్కకి వచ్చి, మనసులో ఎంతో బాధపడి, నలుగురిలో పరువెందుకని గొంతు బాగా తగ్గించి, "బావా, ఇక నేను మానేస్తాను" అన్నాను. మనిషన్నవాడు "అదేంట్రా, ఎందుకు" అంటాడు. మీరేమన్నారు? "త్వరగా కానియ్యి, చల్లారిపోతే బాగుండదు" అన్నారు. నా కోపం చల్లారకముందే నన్ను వదిలించుకోవాలని అంత తొందరేంటి బావగారూ?

ఆ వెంటనే పళ్ళ డాక్టరు మీ చెవిదాకా వంగి ఏదో గొణిగాడు. ఇద్దరూ కలిసి నావైపు చూశారు. నేను వేలంపాట మనిషిని. ఇద్దరు కొనుగోలుదార్లు కూడబలుక్కుంటే ఆ చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నన్ను పంపేయాలని నిర్ణయం జరిగిపోయినట్టుంది. సరే. మీ మాట నిలబెడతాను, వచ్చే ఆదివారం తోకగానే వస్తాను. అదే ఆఖరు. అయితే నోరు మాత్రం విప్పను. తోకకి నోరెక్కడుంటుంది?

ఇట్లు,
తోక

తా.క.: అలారం మోగడం లేదా? రోజూ తెల్లారగట్ల మీ వాటాలోంచి పావుగంటసేపు మోగుతోంది. మా మేడంతా లేచి కూర్చుంటోంది. పక్కింటాయన గోడమీంచి తల పెట్టి నన్ను తిడుతున్నాడు. కక్ష ఉంటే నామీద తీర్చుకోండి, పిల్లల నిద్ర మీద కాదు.


కింద వాటా,
శుక్రవారం

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. నీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. చదివాక చేతిలో ఉన్న వాచీ పక్కన పెట్టేశాను.

నువ్వు మానేస్తానన్నావా? ఒట్టేసి చెప్తున్నాను, నాకు "నానేస్తాను" అని వినపడింది. నీ చేతిలో బన్నుంది. గ్లాసు మీదకి వంగి ఉన్నావు. టీలో నానేస్తానంటున్నావనుకున్నాను. టీ చల్లారితే బన్ను సరిగ్గా నానదు కదా, అందుకని త్వరగా కానియ్యమన్నాను. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు. నువ్వు మానేస్తే ఈ గుంపులో నాకు మిగిలేదేముంది?

డాక్టరు నీ గురించి చెడ్డగా ఏమీ అనలేదు. ఏమన్నాడో మాత్రం ఇందులో రాయలేను. ఈ కవర్లు మోస్తున్నది మీ అక్క. ఆవిడ కవరు విప్పదు. వెలుతురుకేసి పట్టుకుని చూస్తుంది.

ఒక్క సంగతి బతిమాలుకుంటున్నాను. ఆదివారం నామీద ఎంత కోపమైనా ఉంచుకో, నోరు మాత్రం మూసుకోకు. పెళ్ళైన నాటినుంచీ నిన్ను నోరుమూసుకోమని చెబుతూ వచ్చినవాణ్ణి నేనే. ఆ నేనే ఇలా రాస్తున్నానంటే కాస్త ఆలోచించు.

ఇట్లు,
నీ బావ

తా.క.: అలారాన్ని దుప్పట్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాను. ఇంకా మోగుతుంటే చెప్పు.


మేడమీద,
ఆదివారం మధ్యాహ్నం

బావకి,

ఈసారి నమస్కారం లేదు. మీరు అనడం కూడా ఇవాళ నావల్ల కాదు.

మొన్నటి ఉత్తరంలో నువ్వు రాసిన బన్ను సంగతి చదివి నాకు మండిపోయింది. నేను గుండె బరువెక్కి మానేస్తానంటే నీకు బన్నులా వినపడిందట. వెటకారానికైనా ఒక హద్దుండాలి. అందుకే ఇవాళ పంతం కొద్దీ నోరు విప్పలేదు. కూడలి దగ్గర ఎక్కినవాణ్ణి మార్కెట్టు దాటి, వంతెన దాటి, ఎత్తు ఎక్కేదాకా పెదవులు బిగించుకునే తొక్కాను. టీచరమ్మ వెనక్కి తిరిగి "ఒంట్లో బాగోలేదా" అని కూడా అడిగింది. తల ఊపాను.

నిజం చెప్పాలంటే ఎత్తు ఎక్కాక నా కోపం సగం పోయింది. కింద నీళ్ళు మెరుస్తున్నాయి. ముందున్న నలుగురూ ఒకరి వెనక ఒకరు వంపు తిరుగుతుంటే వెనకనుంచి అందరూ కనపడ్డారు. ముందు తొక్కినన్నాళ్ళూ ఇది చూడలేదే అనుకున్నాను. బేకరీ ఆయన పెడళ్ళు వదిలేసి కాళ్ళు చాపుకుని దిగుతున్నాడు. నువ్వు అందరికన్నా ముందు, రోడ్డుకి నడిమధ్యన, రాజాలాగా.

అప్పుడు వెనకనుంచి కంకర లారీ వచ్చింది. దిగుడు కదా, వేగంగా వస్తోంది. హారన్ కొట్టాడు. డాక్టరు, టీచరమ్మ, బేకరీ ఆయన, అందరూ పక్కకి ఒదిగారు. నేనూ ఒదిగాను. నువ్వు ఒదగలేదు. మళ్ళీ కొట్టాడు, చెవులు చిల్లులు పడేలా. నువ్వు కదలలేదు. తల కూడా తిప్పలేదు. అటుపక్క నీళ్ళకేసి చూసుకుంటూ తొక్కుతున్నావు. డాక్టరు ఏదో అరిచాడు. టీచరమ్మ ఈల ఊదింది. లారీవాడు బ్రేకు తొక్కాడేమో, కంకరంతా గలగలా ముందుకి జారిన చప్పుడైంది. బండి మాత్రం ఆగడం లేదు.

నాకు పంతమూ గుర్తులేదు, తోకా గుర్తులేదు. "బావా" అని అరిచాను. మార్కెట్టులో కూడా ఎప్పుడూ అలా అరిచి ఉండను. నీ భుజం ఉలిక్కిపడింది. హ్యాండిలు తిప్పి గట్టు అంచున గడ్డిలోకి దూకించావు. లారీ నీ మోచేతిని రాసుకుంటూ పోయినట్టే ఉంది నాకు. ఆ గాలికి నీ టోపీ ఎగిరి చక్రం కింద పడింది.

నేను పరిగెత్తుకొచ్చేసరికి నువ్వు నవ్వుతున్నావు. "ఇవాళ నీ గొంతు ఆలస్యంగా లేచిందేంటి" అన్నావు. నేను నీ ఒంటిమీద దెబ్బలు వెతుకుతుంటే, నీకు పరాచికాలు.

నాకు ఒకటే అర్థమైంది. నేను అరిచేదాకా తప్పుకోకూడదని నువ్వూ పంతం పట్టావు. నా చేత అరిపించడానికి లారీ ముందు నిలబడ్డావు. అలాంటి మొండి మనిషి వెనక నేను తొక్కలేను. నీకేమైనా అయితే మా అక్క మొహం చూడలేను. సైకిలు బేకరీ ఆయనకి ఇచ్చేస్తానని చెప్పేశాను. రేపో ఎల్లుండో వచ్చి పట్టుకెళ్తాడు. ఇంక నన్ను పిలవొద్దు.

ఇట్లు,
మాజీ తోక

తా.క.: నీ టోపీ నా దగ్గరుంది, అప్పడంలా అయింది. అక్క అడిగితే ఏం చెప్తావో నువ్వే చూసుకో. నేను అబద్ధమాడితే నా గొంతు ఇంకా పెరుగుతుంది, ఆవిడ కనిపెట్టేస్తుంది. ఈ కవరు మాత్రం జిగురుతో గట్టిగా అంటించాను.


కింద వాటా,
సోమవారం

నా బావమరిదికి,

బావ ప్రేమతో రాసేది. ఈ ఉత్తరం మీ అక్క చేత పంపడం లేదు. నీ సైకిలు సీటు కింద దోపి పెడుతున్నాను. బేకరీ ఆయన రాకముందే నువ్వు చూడాలని నా ఆశ.

నాకు లారీ వినపడలేదు. హారనూ వినపడలేదు. నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగానికి సగం పోయింది. మిగిలిన సగం కూడా రోజూ కొంచెం కొంచెంగా జారిపోతోంది. నువ్వు గుమ్మంలో పిలిస్తే తల ఎత్తకపోవడం, నీ జోకుకి అందరి మొహాలూ చూసి నవ్వడం, ఆ బన్ను గొడవ, అన్నిటికీ కారణం అదే. వెటకారం కాదురా. నీ అలారం కూడా పాపం బాగానే మోగుతూ ఉండి ఉంటుంది.

పళ్ళ డాక్టరుకి ఒక్కడికే తెలుసు. నా చెవి దగ్గర అతను వంగేది రహస్యానికి కాదు, అంత దగ్గరైతేనే నాకు వినపడుతుందని. ఆ రోజు అతను అన్నది, "ఇంక దాచకండి, మీ బావమరిదికి చెప్పండి" అని. అందుకే ఇద్దరం నీవైపు చూశాం. నాకు ధైర్యం చాల్లేదు. టిక్కుటిక్కు వినపడనివాడికి వాచీ ఎవరిస్తారు? మీ అక్కకి తెలిస్తే ఆ రోజే సైకిలు మూలన పడుతుంది. ఆదివారాలు పోతాయి. ఈ వయసులో నాకు కొత్తగా దొరికిన స్నేహితులు మీరంతా. ఇంట్లో, కొట్లో అందరూ పెదవులు కదుపుతుంటే అర్థమైనట్టు తలాడించి తలాడించి అలిసిపోతాను. సైకిలు మీద ఆ బాధ లేదు. అందరం ఒకేవైపు చూస్తూ తొక్కుతాం, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, అయినా అందరం కలిసే ఉంటాం.

చెవిలో పెట్టుకునే మిషను కొన్నాను. కొట్టు సొరుగులో దాచాను. గదిలో పనికొస్తుంది గాని, సైకిలెక్కితే అందులో గాలి హోరు తప్ప ఏమీ రాదు. హ్యాండిలుకి అద్దం పెట్టి చూశాను. గతుకుల్లో అందులో నా చెవే కనపడింది, పనికిమాలినది.

రోడ్డుమీద నాకు ఇంకా వినపడేది నీ గొంతు ఒక్కటే. టీచరమ్మ ఈల కూడా చేరదు. అందుకే నిన్ను వెనక పెట్టుకున్నాను. ఆ మాట నీకు చెప్పి పెట్టుకోవాల్సింది. నవ్వులాటగా తోక అనేసి తప్పించుకున్నాను.

నువ్వు రానంటే నేనూ మానేస్తాను. ఇది బెదిరింపు కాదు. నిన్న ఆ గడ్డిలో పడ్డప్పుడు నాకూ భయం వేసింది. నవ్వింది నువ్వు ఏడుస్తావేమోనని. ఈ సంగతి మీ అక్కకి మాత్రం తెలియనివ్వకు.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఒరేయ్ తమ్ముడూ, రాత మారిందని కంగారుపడకు, నేను అక్కని. మీ బావ దీన్ని సీటు కింద దాచాననుకుంటున్నారు, సగం బయటికి వేలాడుతోంది. మీ ఉత్తరాలన్నీ చదివాను. చదవకుండా మోయడానికి నేనేమైనా తపాలా సంచీనా? నీ జిగురు ఆవిరికి ఊడొచ్చింది.

ఆయన చెవుల సంగతి నాకు కిందటేడే తెలుసు. ఒకరోజు వంటింట్లోంచి "కొట్టు అమ్మేసి నాకో కారు కొనండి" అన్నాను. "సగం కప్పు చాలు, పంచదార వద్దు" అన్నారు. అప్పటినుంచీ తెలియనట్టే ఉంటున్నాను, ఆయన అంత కష్టపడి దాచుకుంటున్నారు కదా అని. నీ అలారం మోగుతుంటే ఆపకుండా చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నదీ అందుకే. నిన్ను తోకగా పెట్టాలన్నది తన తెలివే అనుకుంటున్నారు. ఆ మాట ఆయన చెవిలో వేసింది పళ్ళ డాక్టరు. డాక్టరు చెవిలో వేసింది నేను. పన్ను నొప్పి లేకపోయినా వెళ్ళి ఆ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నాను, అందుకోసం.

లారీ సంగతి మాత్రం నీ ఉత్తరం చదివేదాకా తెలీదు. పొయ్యి ఆపేసి వాకిట్లోకి వచ్చాను. ఆయన సైకిలుకి గొలుసు వేసి తాళం పెట్టేశాను. ఆ మనిషి రోడ్డున పడితే నేను బతకలేను. ఆదివారం తొక్కి వచ్చాక ఆయన మొహంలో ఉండే వెలుగు పోయినా నేను చూడలేను. ఏది ఎక్కువో నాకు తేలడం లేదు.

ఇంట్లో ఆయన చేత ఆ మిషను పెట్టించే పని నాది. రోడ్డుమీద నువ్వు తప్ప ఎవరూ లేరు. బేకరీ ఆయన వస్తే నీ సైకిలు ఇవ్వడం లేదని చెప్పి పంపేశాను. అది నమ్మకంతో చేసింది, బలవంతం కాదు, నా బలవంతం ఎలా ఉంటుందో నీకు తెలుసు. గొలుసు తాళంచెవి ఇందులోనే పెట్టాను. వెనక తొక్కుతానంటే నువ్వే వచ్చి తియ్యి. వద్దనుకుంటే తెచ్చి నా చేతికిచ్చెయ్యి, ఒక్కమాట అనను, ఆయనకి నేనే నచ్చజెప్పుకుంటాను. ఏదైనా సరే, నాకు చెప్పేటప్పుడు మాత్రం మెల్లగా చెప్పు. నా చెవులు బాగానే ఉన్నాయి.